విమానమును నెట్టు చేతులు

విమానప్రమాదమన్న మాట వినినంతనే మన మనస్సు ఆకాశమునకు పోవును. పెనుగాలి, పొగమంచు, యంత్రలోపము, చోదకుని పొరపాటు, ఇవియే స్ఫురించును. విమానమింకను నేల విడువకమున్నే, ప్రయాణికులెక్కిన ద్వారమునకు కూతవేటు దూరమున, దానిని సాగనంపుటకు వచ్చిన కార్మికుడు దానివలననే మరణింపవచ్చునన్న సంగతి మనలో పెక్కురకు తట్టదు. అట్టి మరణములు కలిగినవి. అవి దైవికములు గావు, తప్పింపరానివియు గావు. వీనినిగూర్చి ప్రజలును, ప్రభుత్వమువారును, విమానసంస్థల యధికారులును ఆలోచింపవలసిన కాలము వచ్చినదని మేము భావించుచున్నాము.

మొదట పని స్వరూపమును తెలిసికొందము. విమానమునకు రైలింజనువలె వెనుకకు నడచు వీలు లేదు. కొన్ని విమానములు ఇంజనుల గాలిని ముందునకు మరలించి వెనుకకు జరుగగలవు గాని, ఆ ధాటికి రాళ్లు రప్పలు లేచి మనుష్యులను, భవనముల యద్దములను కొట్టును. గావున ముక్కు భవనమువైపునకుంచి నిలిపిన విమానమును సాధారణముగా ట్రాక్టరుతోనే వెనుకకు నెట్టుదురు. దీనినే పుష్‌బ్యాక్ అందురు. ట్రాక్టరునకును విమానపు ముందుచక్రమునకును నడుమ టోబారు అను ఇనుపదండమును తగిలింతురు. నెట్టుచుండగా లోపలి చుక్కాని ముందుచక్రమును త్రిప్పకుండ నొక పిన్ను గ్రుచ్చుదురు. దానికి ఎఱ్ఱని పేలిక వ్రేలాడుచుండును. హెడ్‌సెట్ ధరించి తీగద్వారా చోదకునితో మాటలాడు మనుష్యుడొకడు ముక్కు చెంత నుండును. రెక్కల కొనలకడ మఱికొందఱు నడచుచు ఏ బండియు, ఏ మనుష్యుడును అడ్డురాకుండ చూచుచుందురు.

చోదకునికి తన విమానపు ముక్కు క్రింది నేల కనబడదు; వెనుకనున్న తోక కనబడదు. నిండు బరువున 75 టన్నులు దాటు యంత్రమును, అందులోని నూటయేబది మందికి పైబడిన ప్రాణములను, క్రిందివాని మాట నమ్మి అతడు వెనుకకు వదలుచున్నాడు. బ్రేకు తీయుమన్నపుడు తీయును, వేయుమన్నపుడు వేయును. తఱచుగా నెట్టుడు సాగుచుండగనే ఇంజనులను గూడ నడిపింతురు. తుదకు బ్రేకు వేసిన పిమ్మట, క్రిందివారు టోబారును విప్పి, పిన్నును పెఱికి, తీగను తీసివేసి, ప్రక్కకు తొలగి, చోదకునికి కనబడుచోట నిలిచి, ఎఱ్ఱపేలికతో గూడిన పిన్నును పైకెత్తి చూపి, దారి నిరపాయమని సంజ్ఞ చేయుదురు. చోదకుడు మారుసంజ్ఞ చేసిన పిదపనే విమానము తన బలముతో కదలవలెను. ఇదియే పద్ధతి.

అపాయమంతయు ఈ కడపటి నిమిషములలో నిమిడియున్నది. తీగ తీసిన క్షణమున మాట తెగిపోవును. ఆపైన మిగిలినది చూపు మాత్రమే. నడచుచున్న ఇంజను ముందుభాగమున గాలిని పీల్చుబలము కొన్ని గజములవఱకు వ్యాపించియుండును. అది కంటికి కనబడదు. వెనుకభాగమున వెడలు వేడిగాలి మనుష్యుని పడద్రోయగలదు. ఆ హోరులో కేక వినబడదు. ప్రక్క గడిలోని విమానపు శబ్దమేదో, తన విమానపు శబ్దమేదో చెవులు మూసికొన్నవానికి తెలియదు. రాత్రియైనచో, వాన గురియుచున్నచో, చూపును మందగించును. ఇట్టిచోట ఒక్క సంజ్ఞ తప్పినచో దిద్దుకొనుటకు వ్యవధి యుండదు.

2015 డిసెంబరు 16వ తేదీ రాత్రి ముంబయి విమానాశ్రయమున జరిగినది తెలుగువారు మఱవరానిది. ఆ విమానము హైదరాబాదునకు రావలసినది. నెట్టు పని ముగింపునకు వచ్చుచుండగా, నేలమీదివారికిని విమానములోనివారికిని నడుమ సంజ్ఞ చెడినందున, ముక్కు చెంతనున్న యొక సాంకేతికుడు ఇంజనులోనికి లాగబడి తత్క్షణమే మరణించెను. ఆయన క్రొత్తవాడు గాడు, పని నెఱిగినవాడే. ఆ విమానములోని ప్రయాణికులు మన యూరికి రావలసినవారు. వారిని సాగనంప వచ్చినవాడు తన యింటికి పోలేదు. వార్తాపత్రికలు కొన్నిదినములు వ్రాసినవి. తరువాత మఱచితిమి.

ఇది మన దేశపు లోపము మాత్రమే యనుకొనుట సరిగాదు. సంపదయందును, యంత్రవిద్యయందును మిన్నయని పేరొందిన అమెరికాలో, 2022 డిసెంబరు 31వ తేదీన, అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ విమానాశ్రయమున ఒక కార్మికురాలు ఇట్లే మరణించెను. అది విమానము వచ్చి నిలిచిన సమయము. పోవు సమయము గాదు. ఇంజనులు చల్లారువఱకు దగ్గఱకు పోరాదని, విమానము వచ్చుటకు ముందే కార్మికులను గూర్చి చెప్పియుండిరి. ఇంజను నడచుచున్నదని తెలుపు ఎఱ్ఱదీపము వెలుగుచునే యుండెను. తోకవైపున ఇంజను గాలికి ఆమె పడిపోబోగా, తోడివాడు చేతితో వారించెను. అయినను తరువాత కొంతసేపటికే ఆమె రెక్క ముందుభాగమునకు నడచి ఇంజనులోనికి లాగబడెను. అందుపై ఆ దేశపు కార్మికరక్షణ శాఖ విధించిన జరిమానా 15,625 డాలర్లు. 2024 ఫిబ్రవరి 6వ తేదీన హాంగ్‌కాంగ్ విమానాశ్రయమున, విమానమును లాగుచున్న బండినుండి క్రిందపడిన కార్మికునిపై ఆ విమానమే నడచిపోయినది.

ఈ మూడు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మనకొక సత్యము బోధపడును. పద్ధతి లేకపోవుటవలన వీరు మరణింపలేదు. మూడుచోట్లను పద్ధతి గలదు; పుస్తకములు గలవు; దీపములు గలవు. లేనిది పద్ధతికి తగిన తీఱిక. పుస్తకము ఆగుమనును, గడియారము పొమ్మనును. ఈ రెంటికిని తగవు వచ్చినపుడు కార్మికుడెవరి మాట వినవలెనో, వినినవాని నెవరు కాపాడుదురో తేల్చినవారు లేరు. మా వాదమంతయు నిదియే.

గడియారపు బలమెంతటిదో చూడుడు. విమానము బయలుదేఱిన కాలమనగా ఆకాశమునకెగసిన కాలము గాదు. తన గడినుండి కదలిన కాలము. అనగా పుష్‌బ్యాక్ మొదలిడిన నిమిషమే లెక్కకెక్కును. నిర్ణీత కాలమునకు పదునైదు నిమిషముల లోపల కదలినది సకాలమనియు, మించినది ఆలస్యమనియు లెక్క. పౌరవిమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయమువారు హైదరాబాదు మొదలగు పెద్ద విమానాశ్రయములలో ఏ సంస్థ విమానములు నూటికెన్ని సకాలమున కదలినవో నెలనెల ప్రకటించుచున్నారు. సంస్థలా సంఖ్యలను చూపి గర్వించును. ప్రయాణికులకు కాలము విలువైనదే. అట్టి లెక్క యుండుట మంచిదే. కాని లెక్కింపబడునది మాత్రమే లోకమున గౌరవింపబడును. నిమిషములు లెక్కకెక్కి, నేలమీది గాయములు లెక్కకెక్కనిచోట, పై యధికారి దేనికై తొందరపెట్టునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతటితో పోలేదు. విమానమొకరిది. ఆశ్రయమొకరిది. ట్రాక్టరును, మనుష్యులను సమకూర్చు గ్రౌండు హాండ్లింగు సంస్థ వేఱొకరిది. ఆ సంస్థకు కూలివారిని తెచ్చియిచ్చు కంట్రాక్టరు మఱియొకడు. టెండరులో తక్కువకు పాడినవానికి పని దక్కును. తక్కువకు పాడినవాడు లాభమెచట వెదకును? ఇంధనము ధర తగ్గింపలేడు. బండి ధర తగ్గింపలేడు. తగ్గింపగలిగినవి మూడు: మనుష్యుల సంఖ్య, శిక్షణపు దినములు, విశ్రాంతి గంటలు. రెండు రెక్కలకడ నడువవలసినచోట ఒక్కడే నడచుట యిట్లే మొదలగును. ప్రాణము పోయిన పిదప విమానసంస్థ కంట్రాక్టరును చూపును. కంట్రాక్టరు బండి నడపినవానిని చూపును. వాడు చూపుటకు క్రింద నెవరును లేరు. న్యాయస్థానములలో వ్యవహారములు నడపినవారికిది క్రొత్తగాదు. నేరము నీటివలె పల్లమునకే పాఱును.

పరాయిప్రభుత్వము 1923లో చేసిన శ్రామిక పరిహార చట్టమే యీ తప్పించుకొనుటను పసిగట్టినది. కంట్రాక్టరు కూలివానికి పనిలో నపాయము సంభవించినచో, ఆ పని యెవరి వ్యాపారముకొఱకు జరిగినదో ఆ యజమానియే పరిహారమీయవలెనని, పిదప నతడు కంట్రాక్టరునుండి రాబట్టుకొనవచ్చునని ఆ చట్టము నిర్ణయించినది. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున అమలునకు వచ్చినది. సూత్రము మంచిది. కాని పరిహారము చచ్చినవాని కుటుంబమునకు, రక్షణ బ్రదికియున్నవానికి. శవమునకు వెల కట్టుటలో నున్న స్పష్టత ప్రాణమును కాపాడుటలో నేల యుండరాదు? పరిహారమునకు అసలు యజమాని బాధ్యుడైనచో, శిక్షణకును, మనుష్యుల సంఖ్యకును, విశ్రాంతికిని గూడ నతడే బాధ్యుడు గావలెను.

మఱియొక చిక్కు గలదు. దీనిని మా పాఠకులు శ్రద్ధతో గమనింపవలెనని కోరుచున్నాము. 1944లో చికాగో నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికకు 13వ అనుబంధము గలదు. విమానప్రమాదమన నేమో అది నిర్వచించుచున్నది. మన దేశమును ఆ నిర్వచనమునే యనుసరించుచున్నది. ప్రయాణము చేయు తలంపుతో ఎవరైనను విమానమెక్కినది మొదలు అందఱును దిగువఱకు, విమానమున నుండుటవలన గాని, దాని యేభాగమైనను నేరుగా తాకుటవలన గాని, ఇంజను గాలివలన గాని మనుష్యుడు మరణించినను, తీవ్రముగా గాయపడినను అది ప్రమాదము. దానిపై స్వతంత్రమైన దర్యాప్తు జరుగును. తప్పెవరిదో తేల్చుటకు గాక, మరల జరుగకుండ చేయుటకే ఆ దర్యాప్తు. ఇది ఉత్తమమైన ధర్మము.

అయితే అదే గడిలో, అదే ట్రాక్టరు, విమానమును చేరబోవుచు ఒక కూలివానిని నలిపినదనుకొందము. విమానము వానిని తాకలేదు. ఇంజను గాలి వానిపై వీవలేదు. ఆ మరణము నిర్వచనమునకు వెలుపల పడిపోవును. అది పోలీసువారి కాగితములలో నొక సామాన్య వాహనప్రమాదమగును. కారణములు విచారించి, దేశమంతట హెచ్చరిక పంపు యంత్రాంగము దానిని తాకనక్కఱలేదు. మృత్యువు ఏ ద్వారమున వచ్చినదన్న దానినిబట్టి విచారణ మాఱవలెనా? విమానమునకై పనిచేయుచు మరణించినవాడు విమానముచే తాకబడలేదన్న కారణమున లెక్కకు రాకపోవుట న్యాయమని మేమంగీకరింపజాలము.

విశ్రాంతి విషయమును చూతము. 2025 డిసెంబరులో, చోదకుల పనిగంటలకును విశ్రాంతికిని సంబంధించిన క్రొత్త నిబంధనలకు తగిన యేర్పాట్లు లేక, వేలకొలది ప్రయాణములు రద్దయ్యెను. ఆ దినములలో విమానాశ్రయములు జాతరలవలె నిండిపోయెను. అలసిన చోదకుడు విమానము నడుపరాదన్న మాట ఇంటింట చర్చింపబడెను. మంచిదే. కాని ఆ చర్చలో టోబారు విప్పువాని నిద్రనుగూర్చి యొక్క మాటయైనను మాకు వినబడలేదు. రాత్రి పాళీ పనిచేసి, మనుష్యులు చాలరని రెండవ పాళీకి నిలుపబడినవాడు తెల్లవాఱుజామున నడచుచున్న ఇంజను ముందు నిలుచుండును. చోదకుడు వాని కన్నులతోనే చూచుచున్నాడు. చూపువాడు అలసినచో చూచువాడు మేల్కొనియుండియు లాభమేమి?

భాషయును ప్రాణరక్షణకు సంబంధించినదే. చోదకునితో పలుకు మాటలు లోకమంతట నొక్కతీరున నుండవలెను గావున అవి యింగ్లీషులో నుండుగాక. అవి కొద్దిపాటి మాటలే. కాని అపాయమెచట నున్నది, ఎంత దూరమున నిలువవలెను, పిన్ను నేల చూపవలెను, దీపము వెలుగుచుండగా నేల పోరాదు అను బోధ వినువాని మాతృభాషలో నుండవలెను. శంషాబాదు, గన్నవరము, విశాఖపట్టణము, రేణిగుంట, మధురపూడి ఆశ్రయములలో సామానులెత్తువారు, బండ్లు నడుపువారు పెక్కురు మన పల్లెల బిడ్డలు. ఇంగ్లీషు కాగితముపై వ్రేలిముద్రయో, సంతకమో తీసికొన్నంతమాత్రమున శిక్షణ కాదు. అది యజమానికి రక్షణ, కూలివానికి గాదు. గల్ఫుదేశముల విమానాశ్రయములలో పనిచేయుటకు పోవు మనవారికిని ఇచట తెలుగులో నేర్చిన విద్య యచట ప్రాణము నిలుపును.

మాకు రాగల యాక్షేపణల నెఱుగుదుము. ప్రతి విమానమునకును కొన్ని నిమిషములు హెచ్చయినచో ఖర్చు పెఱుగును, టిక్కెట్టు ధర పెఱుగును అందురు. పిన్ను నెత్తి చూపి, మారుసంజ్ఞ వచ్చువఱకు నిలుచుటకు పట్టునది క్షణములు, నిమిషములు గావు. రెక్కకొకని చొప్పున నిలుపుటకగు కూలి ఒక విమానమునకు పంచినచో ప్రయాణికునికి తెలియనంత స్వల్పము. మఱికొందఱు కూలివాని యజాగ్రత్తయే కారణమందురు. మనుష్యుడు మఱచునన్న సంగతి క్రొత్తగాదు. మాంట్‌గోమరీ కార్మికురాలికి హెచ్చరిక యందినది, అయినను పోయినది. హెచ్చరికతో సరిపెట్టుకొనక, మఱచినవాడును బ్రదుకునట్లు పనిని అమర్చుటయే నాగరకత. ఇంకను కొందఱు యంత్రములే దీనిని తీర్చునందురు. 2019 అక్టోబరులో ఢిల్లీలో టాక్సీబాటు అను బండి ప్రయాణికుల విమానమును ఇంజనులు నడుపకయే పరుగుబాట చేరువకు లాగికొనిపోయినది. మేము దానిని మెచ్చుకొందుము. కాని ఆ బండిని విడదీసిన పిమ్మటను మనుష్యుడు తొలగవలసినదే, సంజ్ఞ చేయవలసినదే. యంత్రము మాఱినను ఆ కడపటి నిమిషము మిగిలియే యుండును.

గావున మేము కోరునవి యివి. మొదటిది, పుష్‌బ్యాక్ పనిలోనున్న యే కార్మికుడైనను, వాడెంత చిన్నవాడైనను, ఆగుమన్నచో పని యాగవలెను. ఆపినందులకు వాని కూలికి గాని, కొలువునకు గాని కీడు రారాదు. ఈ నియమము కంట్రాక్టు పత్రములలోనే వ్రాయబడవలెను. రెండవది, రెక్కలకడ నడుచువారిని తగ్గించి విమానమును నెట్టుట నేరముగా నెంచబడవలెను. మనుష్యులు చాలనిచో విమానమే నిలువవలెను. మూడవది, విమానసంస్థ, ఆశ్రయాధికారి, కంట్రాక్టరు, వీరు మువ్వురును కలసియు, విడివిడిగను బాధ్యులు గావలెను. నాల్గవది, విమానము తాకినను తాకకున్నను, విమానములు నిలుచు ప్రాంగణమున జరిగిన ప్రతి మరణమును, తీవ్రగాయమును స్వతంత్రముగా విచారింపబడవలెను. ఐదవది, సకాలముగా కదలిన విమానముల సంఖ్యను ప్రకటించు నెలసరి పట్టికలోనే, అదే పుటయందు, గాయపడిన నేలమీది కార్మికుల సంఖ్యయు ప్రకటింపబడవలెను. ఆఱవది, శిక్షణయు పరీక్షయు మాతృభాషలో జరుగవలెను. ఇందులో నొక్కటియు గొంతెమ్మ కోరిక కాదు. కావలసినది ధనముకంటె మనస్సు.

1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు కరాచీనుండి బొంబాయికి టపా విమానమును నడపినపుడు మన దేశీయ విమానయానము శైశవమున నుండెను. ఇప్పుడు దేశములోపలి ప్రయాణములలో ప్రపంచమున మూడవ స్థానమున నున్నామని చెప్పుకొనుచున్నాము. ఉడాన్ పథకమున 2017 ఏప్రిల్ 27వ తేదీన మొదటగా నెగసిన విమానములలో కడపనుండి హైదరాబాదునకు పోవునదియు నొకటి. కాళ్లకు హవాయిచెప్పులు వేసికొన్న సామాన్యుడును విమానమెక్కవలెనని ఆనాడు చెప్పిరి. మాకును సంతోషమే. కాని సామాన్యుడు విమానములోపల మాత్రమే లేడు. విమానము క్రిందను గలడు. లోపలివానిని పౌరుడనియు, క్రిందివానిని కూలియనియు వేఱుచేసి చూచు దేశము ఎంత యెత్తున కెగిరినను దాని స్వరాజ్యము నేలను చేరలేదనియే మేమందుము. కడపటివాని మేలే దేశపు మేలునకు కొలతయని మహాత్ముడు నేర్పిన పాఠము విమానాశ్రయపు ప్రాకారమునకు వెలుపల నిలిచిపోరాదు.

కార్మిక సోదరులకు మా మనవి యొక్కటి. సంఘముగా నేర్పడుడు, ఆగుమనుటకు వెనుదీయకుడు, తోడివాడు తొలగినాడని కన్నులార చూడక సంజ్ఞ చేయకుడు. ప్రయాణికులకు మా మనవి మఱియొకటి. తలుపులు మూసిన పిదప విమానము కొంత తడవు కదలకున్నచో విసుగుకొనకుడు. కిటికీనుండి చూడుడు. ఎవరో యొకరు ఎఱ్ఱపేలికను పైకెత్తి చూపుచుండవచ్చును. ఆ చేయి క్షేమముగా ప్రక్కకు తొలగువఱకు వేచియుండుట మీ ప్రయాణములో నొక భాగమే. శాసనసభలయందును, పార్లమెంటునందును మన ప్రతినిధులు ఈ విషయమును ప్రశ్నరూపమున నడుగవలెనని, ప్రభుత్వమువారు పై పట్టికను ప్రకటించుటతోనైనను పని మొదలుపెట్టవలెనని కోరుచున్నాము. లెక్క బయటపడిన నాడు మార్గమును బయటపడును.